మగ్గం అలవాటు

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నేను మగ్గం మానేసి, సూరత్‌లోనే ఒక సేఠ్‌కు కాపలాదారుగా చేరాను. లైసెన్స్ వచ్చింది, నడుముకు పెట్టుకునే చిన్న పిస్టల్ కూడా. కొత్తది కదా, బిగుతు వదిలేదాకా కాల్చి రమ్మని ఇవాళ ఫైరింగ్ రేంజ్‌కు పంపారు.

ఇరవయ్యో తూటాకు అది పట్టేసింది. "మగ్గం ఆగితే ముందుగాల లోపలికి తొంగి చూడాలె తమ్మీ" అనేవాడివి కదా. అదే అలవాటున పిస్టల్ తిప్పి గొట్టంలోకి తొంగిచూశాను.

నేర్పించే ఉస్తాద్ మన కరీంనగర్ వైపు మనిషే. నా మణికట్టు పట్టి పక్కకు లాగాడు. "ఏందిర, గిది మగ్గమనుకున్నవా? జరైతే పానం పోతుండె!"

ఇరుక్కున్న తూటాను ఆయనే తీసి చూపించాడు. సాయంత్రానికి పిస్టల్ సాఫీగా పేలుతోంది. రేపటినుంచి అది నా నడుముకే ఉంటుంది. నా చెయ్యేమో ఇంకా నీ మాటే వింటోంది అన్నా.