రిమార్క్స్ కాలమ్

జూన్ 3, మంగళవారం

ఆఫీసు కంప్యూటర్‌ను ఇంటర్నెట్‌తో కలిపే గేట్‌వే పచ్చగా వెలిగింది! కోవిల్‌పట్టి ఆఫీసు మూలనున్న పాత కంప్యూటర్‌లోని డేటాబేస్ ఇప్పుడు ఆన్‌లైన్ రిపోర్టులో కనిపిస్తోంది. మా వేరుశనగ మిఠాయి ఏ కొట్టుకు ఎన్ని డబ్బాలు పోయిందో, యజమాని శ్రీనివాసన్ సార్ విరుదునగర్‌లో కూర్చునే చూసుకోవచ్చు. కొట్టువాళ్లకు కూడా లింక్ ఇస్తాం. యూట్యూబ్ చూసి, తల బద్దలు కొట్టుకుని, నేనే చేశాను. ఒక్కదాన్నే.

పక్క టేబుల్ గాంధిమతి చిన్నమ్మది. అమ్మ చెల్లెలు. ఇక్కడ బిల్లింగ్ అంతా ఆమే, నాకు ఈ ఉద్యోగం ఇప్పించిందీ ఆమే. ఏమే కార్తికా, ఆ వైరు పట్టుకోని విరుదునగరం దాకా పోతివా అని నవ్వింది.

జూన్ 5, గురువారం

శనివారం విరుదునగర్‌లో కొట్టువాళ్ల మీటింగ్. రిపోర్టు నేనే చూపించాలట. బాగా వస్తే హెడ్డాఫీసుకు మారుస్తానన్నాడు సార్. నీలం చుడీదార్ ఇస్త్రీకి ఇచ్చాను.

జూన్ 7, శనివారం, సాయంత్రం, బస్సులో

మీటింగ్ పాడయింది. నా వల్లే.

డేటాబేస్‌ను రిపోర్టులోకి ఎక్కించేటప్పుడు పట్టిక మొత్తానికీ ఒకే టిక్ కొట్టాను. ఒక్కో కాలమ్ చూసి ఎంచుకోమని ఆ వీడియోలో ఆయన నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాడు. బద్ధకం. రిమార్క్స్ కాలమ్ కూడా అందులో కలిసి పోయింది.

అది మా కోసం మేం రాసుకునేది. కొట్టువాళ్లు ఫోన్ చేస్తే ఎవరితో ఎలా మాట్లాడాలో, ఒక్కో కొట్టుకు ఒక్కో వరుసగా అందులో ఉంటుంది. తెలుగులో, తమిళ అక్షరాలతో. ఇది తమిళ ఊరైనా మా ఇళ్లలో తెలుగు మాట్లాడతాం, తెలుగు అక్షరాలు రావు. ఈ డైరీ కూడా అట్లాగే రాస్తున్నాను. బయటివాళ్లకు అర్థం కాదులే అని ధైర్యం. కొట్టువాళ్లలో చెల్లసామి తాత మన తెలుగువాడేనని తెలియదా నాకు? తెలుసు. ఫోన్‌లో రోజూ తెలుగులోనే మాట్లాడతాడు. అయినా తట్టలేదు.

ప్రొజెక్టర్‌లో గోడంత పెద్దగా పడింది. ఇదేం భాష అని సార్ అడిగాడు. వెనక వరుసలోంచి చెల్లసామి తాత కళ్లజోడు పెట్టుకుని లేచాడు. బజారులో చిన్న కొట్టు ఆయనది, భార్య మారియమ్మాళ్ పోయాక ఒక్కడే ఉంటాడు. అడడా, ఇది మా ఇంటి మాట కదా అని సంబరపడిపోయాడు. గోడ దగ్గరికి వచ్చి, చదివి, తమిళంలో చెప్పడం మొదలుపెట్టాడు.

ఈయన డబ్బా నలిగిందని ప్రతిసారీ అబద్ధమాడతాడు. అందరూ నవ్వారు. ఈయనతో పని కాదు, భార్యను పిలవమనండి. ఇంకా నవ్వారు. ఈయన నోట్లో ఉన్నది నాలుక కాదు, కత్తెర. ఆ కత్తెరాయన కుర్చీ తోసి లేచి నిలబడ్డాడు. నవ్వులు ఆగిపోయాయి.

తర్వాతి వరుస తాతది. అందులో ఏముందో నాకు కంఠతా వచ్చు. ముసలాయనకు ఇంట్లో మాట్లాడే దిక్కు లేదు, ఫోన్ టేబుల్ మీద పెట్టేసి మీ పని చూసుకోండి, మధ్య మధ్యలో ఊఁ అంటే చాలు.

తాత చదువుకున్నాడు. పెదవులు మాత్రం కదిలాయి. ఏముంది, ఏముంది అని అందరూ అడిగారు. మంచి మనిషి అని రాశారు అని తమిళంలో చెప్పి, కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని, వెళ్లి కూర్చున్నాడు.

ఎవరు రాశారిది అన్నాడు సార్. ఎంట్రీ చేసినవాళ్ల పేరు పక్క కాలమ్‌లోనే ఉంది. అన్ని వరుసల్లోనూ గాంధిమతి. మా సాఫ్ట్‌వేర్‌కు ఉన్నది ఒక్కటే లాగిన్, అది చిన్నమ్మది. రాసింది నేను. ప్రతి అక్షరమూ నేనే. ఆఫీసులో అందరూ పడి పడి నవ్వుతుంటే ఇంకా ఇంకా రాశాను.

సోమవారం నుంచి గాంధిమతి రానక్కర్లేదని చెప్పు అన్నాడు సార్, నాతో. నేను సరే సార్ అన్నాను.

సరే సార్!

జూన్ 8, ఆదివారం

చెప్పాను. రిమార్క్స్ గోడ మీద పడ్డాయని, సార్ రావద్దన్నాడని మాత్రమే చెప్పాను, రాసింది నేనని ఆమెకు తెలియనిదా? చిన్నమ్మ నా మొహం చూసింది. నేను గడప చూశాను. ఆ తాత ఆయనది చదివెనా అని ఒక్కటే అడిగింది. చదివాడన్నాను. అయ్యో, పెద్ద మనిషిని ఏల అట్ల చేస్తిమి అంది. చేస్తివి అనలేదు, చేస్తిమి అంది. పిండి పులిసిందేమో చూడాలని లోపలికి పోయింది.

నన్ను రెండు తన్ని ఉంటే హాయిగా ఉండేది.

జూన్ 9, సోమవారం

రిపోర్టులోంచి ఆ కాలమ్ తీసేశాను. ఎంత సులువో. ఒక్క టిక్.

చిన్నమ్మ కుర్చీలో ఆమె కుట్టిన దిండు అట్లాగే ఉంది. బిల్లులు వేయాలంటే ఆమె లాగిన్‌లోకే పోవాలి. ఆమె పేరుతోనే రోజంతా పని చేశాను. సాయంత్రం సార్ మెసేజ్ పెట్టాడు, జరిగింది నీ తప్పు కాదు, వచ్చే నెల హెడ్డాఫీసుకు వచ్చేయ్ అని. థాంక్యూ సార్ అని కొట్టాను. నా అంత సిగ్గులేనిది ఈ ఊళ్లో ఇంకొకతె ఉండదు.

జూన్ 10, మంగళవారం

ఇవాళ కూడా చెప్పలేదు.

జూన్ 11, బుధవారం, ఉదయం

నా పేరుతో కొత్త లాగిన్ పెట్టుకున్నాను. తీసేసిన కాలమ్‌ను రిపోర్టులో మళ్లీ పెట్టాను. పాత మాటలు చెరిపేసి, ప్రతి వరుసలోనూ ఒకే మాట రాశాను. ఇక్కడ ముందు ఉన్నది రాసింది కార్తిక, గాంధిమతి కాదు. రిఫ్రెష్ నొక్కాను. గేట్‌వే పచ్చగానే ఉంది. కొట్టువాళ్ల ఫోన్లన్నిటికీ పోయింది.

తెలుగులో రాశాను. సార్‌కు తెలుగు రాదు. రాసేటప్పుడు ఆ సంగతి నాకు బాగా గుర్తుంది. ఛీ.

అదే రోజు, మధ్యాహ్నం

చెల్లసామి తాత ఫోన్ చేశాడు. చదివితిని పాపా అన్నాడు. నిజంగా నువ్వేనా అని అడిగాడు. ఆమా, నేనే తాతా అన్నాను. ఏడుపొచ్చింది నాకు.

ముదలాళికి, అదే మీ సార్‌కు, తమిళంలో నన్నే చెప్పమంటావా, నువ్వే పోయి చెప్తావా అని అడిగాడు. నేనైతే ఈ తూరి ఉండేది ఉండేటట్టే చెప్తాను పాపా అన్నాడు.

జూన్ 12, గురువారం

విరుదునగర్ పోయాను. సార్ కూర్చోమన్నాడు. నిలబడే చెప్పాను, తమిళంలో, మొదటి నుంచి చివరి దాకా. తాత వరుసలో నిజంగా ఏముందో అది కూడా చెప్పాను. సోమవారం గాంధిమతిని రమ్మను, నువ్వు మాత్రం రావద్దు అన్నాడు సార్.

తిరిగి వచ్చి చిన్నమ్మ ఇంటికి పోయేసరికి ఆమె దోసెలు పోస్తోంది. చెప్తివా అంది. తల ఊపాను. ఇన్ని దినాలు పట్టెనా నీకు అంది. గొంతులో కోపం ఉంది, ఇప్పుడైనా వచ్చింది. ఆ కోపంతోనే నా కంచంలో ఇంకో దోసె వేసింది.

జూన్ 19, గురువారం

చెల్లసామి తాత నా సెల్‌కే ఫోన్ చేశాడు. వాన లేదన్నాడు. మోకాలు నొప్పన్నాడు. మారియమ్మాళ్ అవ్వ పులుసు పెట్టే పద్ధతి చెప్పడం మొదలుపెట్టాడు.

ఊఁ అనబోయి ఆగాను. తర్వాత ఏం వేసేది తాతా అని అడిగాను.