షెడ్డులో దాని పేరు లచ్చిమి

12 జూన్ 1987
ఈ రోజు నుంచి మా చెల్లెలు మాబున్ని పేరు షెడ్డులో లచ్చిమి. సావుకారి పెట్టిన పేరు. దానికింకా పదేళ్లు నిండలేదు. నేను నేసే మరమగ్గాల షెడ్డులోనే కండెలకు నూలు చుట్టడానికి కూర్చోబెట్టాడు.

కొత్త చట్టం వచ్చింది. పేపర్లో చదివాను. పద్నాలుగేళ్లు నిండని పిల్లలను నేత పనిలో పెట్టుకోకూడదు — సొంత ఇంటి పిల్లలైతే తప్పు లేదు. ఆ ఒక్క సందు చాలు వీడికి. పిల్లలందర్నీ నిలబెట్టి పాఠం చెప్పాడు.

"ఇనస్పెక్టరు సారు నన్ను సూపిచ్చి ఈయప్ప ఎవురంటే ఏమనాల?"
"మా సావుకారి."
"థూ! పెద్దనాయన అనాల. యాదీ, నువ్వను లచ్చిమీ."
"పెద్దనాయనప్పా."

షెడ్డంతా నవ్వింది. నాకు ఒళ్లు మండింది.

13 జూన్
నాయనతో గొడవ. ఆయన అదే షెడ్డులో నూలు మూటలు మోస్తాడు.
"నోటిమాటే కదరా. పెద్దనాయనా అంటే అయిపోతాడా?"
"పేరు కూడా మార్చినాడు కదా నాయనా!"
"ఇంట్లో మార్చినాడా? ఆడనే కదా."
అమ్మ పొయ్యి ఊదుతూనే ఉంది.

19 జూన్
మోటారు బెల్టుకు మూత లేదు. మాబున్ని కూర్చునేది దాని పక్కనే. సావుకారితో చెప్పాను.
"మా ఇంటి పిల్ల సంగతి నీకెందుకప్పా?"
మళ్లీ నవ్వులు. నా చెల్లెలి గురించి... నాతోనే!

24 జూన్
పని ఎగ్గొట్టి ఆదోని పోయాను. లేబరాఫీసు. గుమాస్తా మంచిగానే మాట్లాడాడు. అర్జీ రాయడానికి కాగితం కూడా ఇచ్చాడు.
"రాయి. కానీ పాపను పనికి పంపిచ్చింది ఎవురు? మీ నాయనే కదా. ఆయప్పను గూడా పిలుస్తారు మల్ల."
కాగితం తెల్లగానే మడిచి జేబులో పెట్టుకున్నాను. ఎమ్మిగనూరు వచ్చేదాకా బస్సులో పళ్లు కొరుకుతూ కూర్చున్నాను. ఎవరి మీదో తెలియలేదు.

28 జూన్
మాబున్నీ అన్న పిలుపుకు తల తిప్పితే చెవి మెలిపెడుతున్నాడు సావుకారి. దాని చెవి ఎర్రగా ఉంది. అమ్మ నూనె రాసింది.

3 జూలై
మగ్గం మీంచి తలెత్తి చూశాను.

బెల్టు జారుతోంది. మాబున్ని వంగి తెగిన నూలు ఏరుతోంది, జడ ముందుకు పడి ఉంది. "మాబున్నీ!" అని అరిచాను. తిరగలేదు. మళ్లీ అరిచాను. వినపడింది దానికి — భుజాలు బిగుసుకున్నాయి. అయినా తిరగలేదు.

"లచ్చిమీ!"

దిగ్గున లేచి నా వైపు పరిగెత్తింది. బెల్టు ఊడి, అది కూర్చున్న పీట మీద పడింది. పీట రెండు చెక్కలైంది.

సావుకారి వచ్చి చూశాడు. "సూసినారా? నేను పెట్టిన పేరే కాపాడింది పిల్లని."

ఆ పేరు నా నోటితోనే పిలిచాను.

4 జూలై
కొత్త పీట వచ్చింది. మూత రాలేదు.

9 జూలై
రేపు ఇన్‌స్పెక్టరు వస్తాడట. సాయంత్రం సావుకారి నన్ను పక్కకు పిలిచాడు. భుజం మీద చెయ్యి వేశాడు.
"సారు నిన్ను గూడా అడుగుతాడు, ఈ పాప ఎవురని. జవాబు సెప్పేముందు మీ నాయన మొగం ఒకపారి సూడప్పా."
నాయన మూట దించి అక్కడే నిలబడి ఉన్నాడు. ఆయనకూ వినపడింది.

ఇంటికొచ్చి అర్జీ కాగితం తీశాను. నాయన పేరు దగ్గర కలం ఆగిపోయింది.

అమ్మ కంచాలు పెట్టింది. "మాబున్నీ, రా, తిందాం" అని పిలిచాను. అది మొదట వాకిలి వైపు చూసింది. అక్కడ ఎవరూ లేరు. చెవి మీద చెయ్యి పెట్టుకుని, గొంతు తగ్గించి —
"నన్నేనా, అన్నా?"