ఎర్రన్న పేరు మీద పోయినవాడికి

నాగప్పా,

ఇవాళ నీ సంవత్సరీకం. ఇవాళే యశ్వంతనగర్‌లో కొత్త కార్మిక చట్టాల మీద సభ పెట్టారు. నియామక పత్రం, భద్రత, ప్రమాదానికి పరిహారం అంటూ అధికారి ఇంపుగా చదివాడు. చట్టం చదవడానికి ఎప్పుడూ ఇంపుగానే ఉంటుంది, గని గేటు దాటి లోపలికి రావడానికే దానికి కాళ్లుండవు!

నీ ఫోటో ముందు జొన్నరొట్టె పెట్టి నేరుగా వచ్చిన నీ భార్య లక్ష్మి లేచింది.

"సార్, ఎర్రన్నకు జరమొస్తే ఆయప్ప బదులు మా ఇంటాయన పనికి పాయ. రాయి మీద పడి సచ్చిపాయ. హాజరీలో ఎర్రన్న పేరుండాదని, మా ఆయన కూలోడే కాదంటాండారు. మీ కొత్త కానూన్లో ఆయన యాడుండాడు?"

"పరిశీలిస్తామమ్మా," అన్నాడు అధికారి.

ఒకరికి బాగోలేకపోతే ఇంకొకరు వెళ్లడం మనవాళ్ల మర్యాద. ఇన్నాళ్లూ ఆ మర్యాద మీదే గని నడుపుకున్న కాంట్రాక్టరు, నువ్వు పోయాక దాన్నే మోసమన్నాడు. గనిలో నీ పక్కనే పనిచేసిన నేను అరవబోయేంతలో వెనక నుంచి ఎర్రన్న లేచాడు.

"సచ్చింది ఎర్రన్నే అని రాసుకోండి సార్. ఆ పరిహారం లక్ష్మికియ్యండి. నేను లేననుకుంటా."

లక్ష్మి అతని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"కూచో అన్నా. నువ్వన్నా నీ పేరుతో బతుకు."