మత్తూరు నుంచి రావలసిన చీర

హొసూరు,
శుక్రవారం.

"రాంగ్ నంబర్" అని ఫోన్ పెట్టేసిన మా నాయన లక్ష్మణప్ప గారి దివ్యసముఖానికి, వారి ఏకైక పుత్రరత్నం దేవేంద్ర, బి.కాం., రెండో ప్రయత్నంలో ఉత్తీర్ణుడు, సాష్టాంగపడి రాసుకునేది.

నాయనా, మర్యాద అయిపోయింది. విషయానికొస్తాను. మొన్న బుధవారం పొద్దున ఫోన్ చేసి "నాయనా, మునెమ్మత్త పోయింది" అన్నాను. చాలాసేపు నీ ఊపిరి వినబడింది. తర్వాత "రాంగ్ నంబర్" అన్నావు. రాంగ్ నంబర్ వాళ్ళు అంతసేపు ఊపిరి పీల్చరు. అందుకే ఈ ఉత్తరం. దీన్ని కట్ చేయడానికి బటన్ లేదు, చింపినా అతికించి చదువుతావని నాకు తెలుసు.

ముందొక నేరం ఒప్పుకోవాలి. మూడేళ్ళుగా నేను కంపెనీ హాస్టల్లో లేను. అక్కడి సాంబారు గురించి నీకు చెప్పిన కథలన్నీ నా సొంత కల్పన. మొగుణ్ణి వదిలేసి వచ్చి హొసూరు మార్కెట్లో పూలమ్ముతోందని, ఇరవై రెండేళ్ళ కిందట ఎవరిని "నాకు చెల్లెలు లేదు" అని తేల్చేశావో ఆ మనిషి ఇంట్లోనే ఉన్నాను. ఆమె చేతి రాగిముద్ద తిన్నాను. ఆమె మల్లెమొగ్గల గంప పక్కకు నెట్టి ఆమె చాపమీదే పడుకున్నాను. సిగ్గుపడమంటావా? ప్రయత్నించాను, రాలేదు.

పూలు కడుతూ కడుతూ గోడకు ఆనుకుంది. అంతే. దారం చేతిలోనే ఉంది.

నా ఒక్క జీతంతో ఆమెను మర్యాదగా సాగనంపాలి. వెదురుపాడె, ఒక తప్పెట, శ్మశానంలో గుంత, వచ్చినవాళ్ళకు టీ. అన్నీ మాట్లాడేసరికి ఊడిపడ్డాడు ఆంజప్ప, అత్త మొగుడి తమ్ముడు. ఆమె బతికుండగా ఆ వీధి ఏ దిక్కునుందో తెలియని మనిషి, కుర్చీ వేయించుకుని ఆజ్ఞలు మొదలుపెట్టాడు.

"ఏమప్పా, పూలరథం చెప్పలేదా? పటాకులు యాడ? వీధి మొగదల్లో బ్యానర్ కూడా లేదే! మా వదిన దిక్కులేని దాని మాదిరి పోవల్లనా?"

"రథం నువ్వు చెప్పిస్తావా మామా?"

"నేను పెద్దమనిషిగా మాట చెప్పేదానికొచ్చినా. ఇచ్చేదానికి కాదు."

"అయితే ఆమె మాట కూడా విను. 'దేవా, నేను పోతే నా మీద పూలు మాత్రం వేయొద్దు. ఆ వాసనకే ఇరవై ఏండ్లుగా తలనొప్పి. వేస్తిరా, లేచి కూర్చుంటా' అనింది. రథం తెప్పిస్తా. ఆమె లేచి కూర్చుంటే జవాబు నువ్వే చెప్పుకో."

మొదట కాంతమ్మ నవ్వింది. మార్కెట్లో అత్త పక్కనే గంప పెట్టుకుని ఇరవై ఏళ్ళు కూర్చున్న మనిషి, పొద్దున అత్తకు స్నానం చేయించింది కూడా ఆమే. అందుకని చావింట్లో నవ్విందని ఎవరూ ఏమీ అనలేకపోయారు. తర్వాత అందరూ నవ్వారు.

ఆంజప్ప అంత సులువుగా ఓడిపోయే రకం కాదు. "రథం పోనీ. పుట్టింటోళ్ళ చీర యాడ? అన్న తెచ్చిన చీర కప్పందే ఆడమనిషిని ఎత్తేది లేదు. యాడ ఆ మత్తూరు లక్ష్మణప్ప?"

నాయనా, అప్పుడెవరూ నవ్వలేదు. తప్పెట కూడా ఆగింది. అందరూ వీధి చివరికి చూశారు. నేనూ చూశాను, వెధవని.

కాంతమ్మ లోపలికి పోయి, అత్త ట్రంకుపెట్టెలోంచి మడత విప్పని చీర ఒకటి తెచ్చింది. ఆకుపచ్చ నూలు చీర, ఎర్ర అంచు. నా చెవిలో చెప్పింది: "మీ అత్త ముందే కొనిపెట్టి ఉండింది. 'మా అన్న రాకపోతే ఇది కప్పి, అన్న పంపించినాడని చెప్పు కాంతా. నలుగురిలో ఆయనకు తలవంపులొద్దు' అనింది."

అర్థమైందా నాయనా? తను పోయాక కూడా నీ పరువు తనే మోయడానికి ఏర్పాటు చేసుకుంది. ఆ అబద్ధం చెప్పడం నాకెంత పని? హాస్టల్ సాంబారు మీద మూడేళ్ళు సాధన చేసినవాణ్ణి. అయినా చెప్పలేదు. చెప్పను. బండి వేసుకుని బజారుకు పోయి, నా అంతస్తుకు తగిన నూలు చీర తెచ్చి కప్పాను. గట్టిగా అన్నాను: "మత్తూరు నుంచి ఎవరూ రాలేదు. ఇది మేనల్లుడు తెచ్చిన చీర. ఈ పొద్దుకు పుట్టిల్లు నేనే. చాలదన్నవాళ్ళు పక్కకు జరగండి."

ఆంజప్ప కుర్చీతో సహా జరిగాడు.

ఆమె కొన్న చీర ఈ ఉత్తరంతోపాటు పార్సిల్లో పంపుతున్నాను. అది నీది. పదకొండో దినం వచ్చే వారం శనివారం. రావడం రాకపోవడం నీ ఇష్టం, నీ కోసం మాత్రం నేను అబద్ధం ఆడను.

ఇట్లు,
ఏ హాస్టల్లోనూ లేని నీ కొడుకు,
దేవేంద్ర

*

హొసూరు,
ఆదివారం.

వచ్చి, భోజనానికి నిలవకుండా పోయిన నాయనకు,

నువ్వు రావని ఆంజప్పతో పందెం కాశాను. నా ఆకులో రెండు వడలూ ఆయనకు పోయాయి. ఆ నష్టం నీ ఖాతాలోనే.

చంకలో పార్సిల్ పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డావు. నిన్ను కడిగేయడానికి నేను మాటలన్నీ సిద్ధం చేసుకున్నాను, అద్దం ముందు చెప్పి చూసుకున్నాను కూడా. నువ్వు ఒక్కటే అడిగావు. "చీర తెచ్చినాను దేవా. ఎవరికి కప్పేది?"

అది నాకు బి.కాం.లో చెప్పలేదు. ఫోటోకు కప్పమన్నాడు ఆంజప్ప. "ఫోటోకు చలేస్తాదా?" అన్నావు. నా నోరు ఎవరి నుంచి వచ్చిందో నాకు నిన్న తెలిసింది.

అప్పుడు వంటింటి గడపలో అరిటాకులు తుడుస్తున్న కాంతమ్మను చూశావు.

"నీది ఏ ఊరమ్మా?"

"ఏ ఊరని చెప్పేదన్నా? అమ్మా నాయనా పోయినారు, తోడబుట్టినోళ్ళు లేరు. నీ చెల్లెలే నాకు పుట్టిల్లు."

నువ్వు మడత విప్పి ఆమె భుజాల చుట్టూ కప్పావు. ఎవరో ముసలావిడ "అయ్యో, బతికుండేదానికి అట్ల కప్పరాదు" అని అరిచింది. "బతికుండేదానికి కప్పకనే ఈ గతి పట్టింది" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయావు. నేను వీధి మలుపు దాకా వెనకే వచ్చాను. నువ్వు తిరిగి చూడలేదు, నేను పిలవలేదు. నీ మీద కోపం అంతా తీరిందని అనుకోకు.

తిరిగి వచ్చేసరికి కాంతమ్మ ఏడుస్తూ ఉంటుందనుకున్నాను. ఆమె అంచును వేళ్ళతో రుద్ది చూస్తోంది. "రంగు పొయ్యేట్టుందే. మునెమ్మ బేరమాడి కొనింటాది" అంది. అంచు వదలకుండానే, "దేవా, ఎవరి పుట్టింటి చీర వాళ్ళు చూసుకోకుండానే పోతారు. నాది నేను చూసుకుంటి. రేపు మార్కెట్టుకు ఇదే కట్టుకుని పోతా. నేను పోయినప్పుడు మీ నాయన ఇంకోటి తేవల్ల, ఈసారి కరెక్టు టైముకు" అంది.

తర్వాత ఫోన్ నా చేతికిచ్చి, నీ నంబరు వేసిపెట్టమంది. ఏ పేరుతో వేయాలని అడిగాను.

"అన్న అని వెయ్యి."

వేశాను. ఈ ఉత్తరం నీకు చేరాక, ఒక పొద్దున గంప దించగానే చేస్తుందట. ఎత్తు నాయనా. ఎత్తి, నంబరు కరెక్టే అని చెప్పు.

ఇట్లు,
వడలు పోగొట్టుకున్న
దేవేంద్ర