తపస్సుకాలంలో వచ్చిన కార్డు

మామిడికుదురు,
18 ఏప్రిల్ 2001

తమ్ముడు సాలమోనుకు,

ప్రభువు కృప మీ ఇంట ఉండాలని కోరుతూ అక్క రాసేది. మఠంలో అందరమూ క్షేమమని ఎప్పుడూ మొదట రాస్తాను. ఈసారి ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు.

మరదలి కంటి ఆపరేషన్ బాగా జరిగిందన్నావు, సంతోషం. ఎండలో తిరగనివ్వకు. తుపాను తర్వాత మేం నాటిన కొబ్బరిమొక్కలు ఈ ఏడే తొలి గెల వేశాయి.

డిగ్రీ అయ్యాక సుస్మితను మా మఠంలో చేర్చమంటావా అని అడిగావు. ఎమ్మే చదివిన మేనత్త ఉన్నచోట భయమేమిటనీ రాశావు. జవాబుకు ముందు ఒక సంగతి చెప్పాలి.

తపస్సుకాలం నలభై రోజులూ శిక్షణలో ఉన్న పిల్లలకు మేం ఉత్తరాలివ్వం. దాచి, ఈస్టరు నాడు ఇస్తాం. పూర్వం మఠం పెద్దమ్మగారు ప్రతి ఉత్తరమూ విప్పి చదివేవారు. పెద్దరికం నాకొచ్చాక సిగ్గనిపించి అది మానేశాను. దాచడం మాత్రం మానలేదు.

హన్నా అని ఉప్పలగుప్తం పిల్ల ఉంది. తండ్రి సూరిబాబు భార్యతో నెల్లూరు వైపు రొయ్యల చెరువుల కాపలాకు వెళ్ళాడు. తల్లికి జబ్బని ఒక ఉత్తరం, చూడాలంటోందని ఇంకొకటి రాశాడు. రెండూ ఈస్టరు నాడే హన్నా చేతికిచ్చాను. మర్నాడు సూరిబాబే వచ్చాడు. తల్లిని మట్టి చేసి అప్పటికి పది రోజులు.

"రెండు రాసేనండీ అమ్మగారూ. కళ్ళు మూసేదాకా గుమ్మంకేసే చూసిందండి" అన్నాడు.

నేను నోరు విప్పేలోగా హన్నాయే, "తపస్సుకాలం కదా నాన్నా, ఇవ్వరు. సిస్టరుగారు మన ఉత్తరాలు చదవరు. చదివుంటే పంపేవారే" అంది. నావైపు తిరిగి, "అంతే కదండీ?" అంది.

"అంతేనమ్మా" అన్నాను.

సాలమోనూ, ఆ రెండోది కార్డు. కవరు లేదు. నేను చదివాను. సన్యాస ప్రమాణం చేసే మాటపట్టు దగ్గరపడితే పిల్లల్ని వెనక్కి లాక్కోవడానికి ఇళ్ళవాళ్ళు రాసే మాటే ఇదీ అనుకుని బీరువాలో పెట్టాను.

వచ్చే నెల ఆ పిల్ల నా చేతుల్లో చేతులు పెట్టి, జీవితమంతా విధేయురాలినై ఉంటానని చెప్పాలి. ఎవరికి విధేయురాలు? దేవుడికా, నా బీరువాకా? ఇరవై ఏళ్ళుగా ఈ రెండిటికీ తేడా నాకు తెలుసుననుకున్నాను.

సూరిబాబు రేపటి బస్సుకు వెళ్తాడు. ఇది పోస్టులో వేసి వచ్చి, ఇద్దరినీ కూర్చోబెట్టి చెబుతాను. ఆ పిల్ల ఉంటుందో, తండ్రితో వెళ్ళిపోతుందో.

సుస్మితను రమ్మనీ అనను, వద్దనీ అనను. ఈ ఉత్తరం దానికివ్వు. అక్క పరువని దాచకు. అందిన రోజే ఇవ్వు.

ఇట్లు,
మీ ప్రార్థన కోరే అక్క,
జ్యోతిర్మయి