ఓడలో ఇద్దరికే గది

నరేశూ, కొచ్చిన్ ఓడకు ఇవాళ పైసలు కట్టకు. సమ్మెకు బస్సులు లేవు, అమ్మను ఆటోలో మూసారాంబాగ్ దవాఖానకు నెత్తురు పరీక్షకు తీసుకుపోతున్నాను. అన్నం వండి పెట్టాను, చారు వేడి చేసుకో.

నువ్వు తెచ్చిన తగ్గింపు రేటు గది కాగితం చదివాను. ఇంత చదువు చదివి కింది సన్నక్షరాలు చూడలేదా? తేదీ మార్చరట. పోకుంటే పైసలు వాపసు రావట. ఈ సమ్మెలో కొచ్చిన్ పోయే రైళ్లు ఏ రోజు ఆపుతారో ఎవరికీ తెలియదు. అదొక్కటే అయితే ధైర్యం చేసేవాణ్ణి. పోయినసారి నెత్తురు తక్కువుందని అమ్మ క్యాన్సర్ సూదిని వారం వెనక్కి జరిపారు. ఈసారీ జరిపితే ఓడ కదిలే రోజు ఆమె దవాఖానలో ఉంటుంది. జరుపుతారనే నాకు అనిపిస్తోంది. ఆమె గాజులు మోచేతి దాకా జారుతున్నాయి, నువ్వు గమనించలేదు.

తేదీ మార్చుకోనిచ్చే గదే తీసుకో. ఆ రేటుకు ముగ్గురం పోలేం. నీకూ అమ్మకూ తీసుకో. ఆమెకు సముద్రం చూపించు. వచ్చే ఏడు చూపిద్దామనే మాట డాక్టర్ అననివ్వలేదు.

నాయిన

నిన్న అమ్మ అడిగింది, "ఏందయ్యా, ఓడల గూడ నా పక్కన నోరు ముడుసుకునే కూసుంటవా?" అని. కూర్చుంటానన్నాను. నేను రావడం లేదని రైలు కదిలాకే చెప్పు.