చలువ గోడ

ఏమే, అమ్మాయీ నేనూ బాగున్నాం. మన పిల్ల సొంత సంపాదనతో ఇల్లు కొంటోందే! సంతోషంతో నాకు కాలు నిలవడం లేదు.

మొదట చూసిన ఇంట్లో ఒక్క గోడకే కొత్త రంగు వేశారు. అనుమానమొచ్చి చెంప ఆనిస్తే చెమ్మ తగిలింది. బ్రోకరు, "అది చలువ గోడ పెద్దాయనా, ఏసీ అక్కర్లేదు" అన్నాడు. "మరి వానాకాలం గొడుగేసుకుని పడుకోవాలా?" అన్నాను. అమ్మాయి పకపకా నవ్వి బయటికి నడిచింది.

రెండో ఇల్లు పాతదే కానీ గోడలు పొడిగా ఉన్నాయి. స్నానాలగదిలో చెంబుడు నీళ్ళు పోస్తే తిన్నగా తూములోకే పోయాయి. ఇంకెవరో కూడా అడుగుతున్నారట. ఇదేమో "అమ్మ చూడందే సంతకం పెట్టను" అని కూర్చుంది.

నీ మోకాలు తగ్గిందా? తాళం పక్కింటి వదినకిచ్చి, నా నమస్కారాలు చెప్పి, కార్డు అందిన పూటే బయలుదేరు. వంటింటి అలమర నీ చేతికి అందుతుందో లేదో నేనెలా చెప్పను?

వీధిలోనే నిలబడి ఎదురుచూస్తూ,
మీ ఆయన